నాలుగు బ్యాండ్లకు ఒకే యాంటెన్నా

ఔత్సాహికులు నడిపే హామ్ (అమెచ్యూర్) రేడియోలో రోజంతా, ఏడాదంతా పనికొచ్చే బ్యాండు ఒక్కటీ లేదు. పగటిపూట ఐదారు వందల కిలోమీటర్ల లోపలి ఊళ్లతో మాట్లాడడానికి 7 మెగాహెర్ట్జ్ దగ్గరున్న 40 మీటర్ల బ్యాండు బాగుంటుంది. ఖండాలు దాటాలంటే 14 మెగాహెర్ట్జ్ దగ్గరి 20 మీటర్ల బ్యాండును నమ్ముకోవచ్చు. సూర్యుడి మీద మచ్చలు పెరిగిన ఏళ్లలో 21 మెగాహెర్ట్జ్ దగ్గరి 15 మీటర్ల బ్యాండు, 28 మెగాహెర్ట్జ్ దగ్గరి 10 మీటర్ల బ్యాండు తెరుచుకుంటాయి. అప్పుడు కొద్దిపాటి వాట్లతోనే మాట ప్రపంచం అవతలి అంచు దాకా పోతుంది. ఒక్కో బ్యాండుకు ఒక్కో యాంటెన్నా కట్టాలంటే చోటూ చాలదు, డబ్బూ చాలదు. ఒకే స్తంభం మీద, ఒకే కేబులుతో నాలుగు బ్యాండ్లకూ పనిచేసే యాంటెన్నాను ఇంట్లోనే తయారుచేసుకోవడం అందుకే హామ్‌లలో స్థిరపడిన అలవాటు.

తిరుపతి, శ్రీకాళహస్తి మధ్యనున్న ఏర్పేడు లాంటి చోట దీనికి కావలసిన సరుకంతా కరెంటు సామాన్ల దుకాణంలోనూ, ప్లంబింగు దుకాణంలోనూ దొరుకుతుంది. రెండంతస్తుల మిద్దె, చుట్టూ కాస్త ఖాళీ జాగా ఉంటే చాలు. కొలిచి కోయడం, కట్టి చూడడం, మళ్లీ కొలవడం అనే మూడు పనులు ఓపికగా చేయగలిగితే ఈ యాంటెన్నా కొన్నదానికి ఏమాత్రం తీసిపోదు.

పొడవు లెక్క

రేడియో తరంగం సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో పోతుంది. కాబట్టి 300ను మెగాహెర్ట్జ్‌లలోని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. అందులో సగం పొడవున్న తీగను మధ్యలో తెంచి, ఆ రెండు కొసలకు కేబులు కలిపితే డైపోల్ అవుతుంది. అంత పొడవున్న తీగలో ఆ పౌనఃపున్యం దగ్గర విద్యుత్తు అనునాదం చెందుతుంది, అంటే ఎదురు లేకుండా ఊగుతుంది. ఇచ్చిన శక్తిని తీగ తిరగగొట్టకుండా గాలిలోకి వదులుతుంది.

ఆచరణలో తీగ చివరల ప్రభావం వల్ల పొడవు ఐదు శాతం దాకా తగ్గుతుంది. అందుకే 150కి బదులు 142.5ను పౌనఃపున్యంతో భాగిస్తారు. 7.1 మెగాహెర్ట్జ్‌కు మొత్తం 20.07 మీటర్లు వస్తుంది, అంటే ఒక్కో వైపు 10.03 మీటర్లు. 14.15 మెగాహెర్ట్జ్‌కు ఒక్కో వైపు 5.04 మీటర్లు. 28.5 మెగాహెర్ట్జ్‌కు ఒక్కో వైపు రెండున్నర మీటర్లు.

ఇదే లెక్క పెద్ద ఎత్తున ఎలా ఉంటుందో చూడాలంటే ఈ ప్రాంతం వాళ్లు దూరం పోనక్కరలేదు. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలోని గాదంకిలో అంతరిక్ష విభాగానికి చెందిన జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడారు 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. ఆ పౌనఃపున్యానికి సగం తరంగదైర్ఘ్యం 2.83 మీటర్లు. దాదాపు ఆ పొడవు కడ్డీలతో చేసిన యాగీ యాంటెన్నాలను 32 వరుసల్లో, వరుసకు 32 చొప్పున, 130 మీటర్ల చదరంలో 1024 చోట్ల నిలబెట్టారు. పైన ఉన్న గాలుల వేగాన్నీ, అయనోవరణంలోని అలజడినీ కొలిచే ఆ మహాయంత్రంలో ఒక్కో కడ్డీ పొడవును నిర్ణయించిన సూత్రమూ, మిద్దె మీది తీగ పొడవును నిర్ణయించే సూత్రమూ ఒకటే.

మూడు జతలు, నాలుగు బ్యాండ్లు

ఒకే కేబులు చివర 40, 20, 10 మీటర్ల బ్యాండ్లకు సరిపోయే మూడు జతల తీగలను కలిపి కడితే దాన్ని సమాంతర డైపోల్ అంటారు. విసనకర్ర పుల్లల్లా తీగలు విడివడి ఉంటాయి కాబట్టి ఫ్యాన్ డైపోల్ అనే పేరూ వాడుకలో ఉంది. మూడు జతలూ ఒకే చోట కలిసి ఉన్నా, ఏ బ్యాండులో ప్రసారం చేస్తే ఆ బ్యాండు జతలోకే విద్యుత్తు ఎక్కువగా పోతుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర పొడుగు జత అవరోధం (ఇంపీడెన్సు) 50 నుంచి 70 ఓమ్‌ల దాకా ఉంటుంది. పొట్టి జతలు ఆ పౌనఃపున్యానికి మరీ చిన్నవి కాబట్టి వాటి అవరోధం చాలా ఎక్కువ, విద్యుత్తు అటు పోదు. 14 మెగాహెర్ట్జ్ దగ్గర పరిస్థితి తిరగబడుతుంది. పొడుగు జత పూర్తి తరంగదైర్ఘ్యం అంత అవుతుంది. అలాంటి తీగకు మధ్యలో అవరోధం వేల ఓమ్‌లలో ఉంటుంది కాబట్టి విద్యుత్తు మధ్య జతనే ఎంచుకుంటుంది. 28 మెగాహెర్ట్జ్ దగ్గర పొడుగు జత, మధ్య జత రెండూ ఇలాగే అడ్డం నిలుస్తాయి, పొట్టి జత పనిచేస్తుంది.

ఇక 15 మీటర్ల బ్యాండుకు వేరే తీగ అవసరం లేదు. 7 మెగాహెర్ట్జ్‌కు కోసిన తీగ దానికి మూడు రెట్ల పౌనఃపున్యం దగ్గర కూడా అనునాదం చెందుతుంది. అయితే చివరల ప్రభావం రెండు కొసల దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ మూడో అనునాదం సరిగ్గా మూడు రెట్ల దగ్గర కాకుండా కాస్త పైన, దాదాపు 22 మెగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది. దాన్ని 21.2 దాకా దించడానికి ఒక చక్కటి ఉపాయం ఉంది. మధ్య నుంచి రెండు వైపులా సుమారు మూడున్నర మీటర్ల దూరంలో, పొడుగు తీగకు జానెడు, మూరెడు పొడవుండే చిన్న తీగ ముక్కలను వేలాడదీస్తారు. ఆ చోట 21 మెగాహెర్ట్జ్‌కు వోల్టేజి గరిష్ఠంగా ఉంటుంది కాబట్టి చిన్న ముక్క కూడా అనునాదాన్ని బాగా కిందికి లాగుతుంది. 7 మెగాహెర్ట్జ్ మీద దాని ప్రభావం తక్కువ.

ఒకటికి మించిన బ్యాండ్లకు ఇతర పద్ధతులూ ఉన్నాయి. తీగ మధ్యలో కాయిలు, కెపాసిటరు కలిపిన ట్రాప్‌లు పెట్టడం ఒకటి. క్లిప్పులతో తీగను విడదీసి, కలిపి పొడవు మార్చే లింకు డైపోల్ ఇంకొకటి. 49:1 ట్రాన్స్‌ఫార్మరుతో తీగకు ఒక కొసన కేబులు కలిపే ఎండ్-ఫెడ్ యాంటెన్నా ఇటీవల బాగా వ్యాప్తిలోకి వచ్చింది, చోటు ఇరుకైనప్పుడు అది అనుకూలం. ట్రాప్‌లు, ట్రాన్స్‌ఫార్మర్లు చేయడానికి అనుభవం కావాలి. మొదటిసారి కట్టేవారికి సమాంతర డైపోలే తగినది, ఎందుకంటే ఇందులో సరిదిద్దవలసిందల్లా తీగ పొడవే.

కావలసిన సామాన్లు

తీగకు ఇంటి వైరింగులో వాడే 1.5 ఎస్‌క్యూ ఎంఎం రాగి వైరు సరిపోతుంది. మూడు జతలకూ కలిపి నలభై మీటర్లు చాలు. వైరు సాధారణంగా 90 మీటర్ల చుట్టగా దొరుకుతుంది కాబట్టి ఒక చుట్టతో రెండు యాంటెన్నాలు తయారవుతాయి. పీవీసీ తొడుగును ఒలవనక్కరలేదు. తొడుగు ఉంటే మాత్రం తీగ పొడవు మరో రెండు నుంచి ఐదు శాతం తగ్గించవలసి వస్తుంది, అది ట్యూనింగులో తేలుతుంది.

తీగల మధ్య ఎడం ఉంచడానికి కరెంటు వైరింగు పీవీసీ పైపును ముక్కలుగా కోసి, రంధ్రాలు పెట్టి, పొడుగు తీగ కింద మధ్య తీగ, దాని కింద పొట్టి తీగ వచ్చేట్టు దూర్చుతారు. తీగల మధ్య పది, పదిహేను సెంటీమీటర్లకు తగ్గకుండా ఎడం ఉండాలి. ఎడం ఎంత ఎక్కువైతే ఒక తీగ ప్రభావం మరోదాని మీద అంత తగ్గుతుంది. చోటుంటే మూడు జతలనూ మూడు దిక్కులకు లాగి కట్టడం ఇంకా మేలు. కొసలకు గుడ్డు ఆకారపు పింగాణీ ఇన్సులేటర్లు గానీ, మందమైన ప్లాస్టిక్ ముక్కలు గానీ వాడి, అక్కడి నుంచి నైలాన్ తాడు కట్టాలి.

కేబులుగా 50 ఓమ్‌ల ఆర్‌జి-58 గానీ, అంతకన్నా మందమైన ఆర్‌జి-213 గానీ వాడతారు. ఇరవై మీటర్ల ఆర్‌జి-58లో 28 మెగాహెర్ట్జ్ దగ్గర శక్తిలో దాదాపు మూడో వంతు వేడిగా పోతుంది. ఆర్‌జి-213లో ఆ నష్టం సగానికి సగం తగ్గుతుంది. కేబుల్ టీవీకి వాడే 75 ఓమ్‌ల ఆర్‌జి-6ను కూడా తక్కువ శక్తికి నిక్షేపంగా వాడవచ్చు. అవరోధంలో తేడా స్వల్పమే, నష్టం తక్కువే.

డైపోల్ రెండు చేతులూ సమానం, కేబులు మాత్రం సమానం కాదు. ఆ తేడా వల్ల కేబులు పైతొడుగు మీద కూడా విద్యుత్తు పారి, కేబులే యాంటెన్నాలో భాగమైపోతుంది. కొలతలు గందరగోళమవుతాయి, ఇంట్లోని టీవీకీ స్పీకర్లకూ అంతరాయం కలుగుతుంది. దీన్ని ఆపేది 1:1 బేలన్. నాలుగు అంగుళాల ప్లంబింగు పైపు మీద కేబులునే పక్కపక్కన పద్దెనిమిది చుట్లు చుడితే ఆ పని జరుగుతుంది, ఆరు మీటర్లకు పైగా కేబులు పడుతుంది. సరైన రకం ఫెర్రైటు రింగు మీద పది, పన్నెండు చుట్లు చుడితే ఇంకా బాగా పనిచేస్తుంది, బరువూ తగ్గుతుంది. అతుకులన్నీ టంకం వేసి, నీరు చొరకుండా ఎం-సీల్‌తో మూయాలి. కేబులు లోపలికి ఒక్కసారి నీరు చేరితే ఆ కేబులు ఇక పనికిరాదు.

ఎత్తు, దిక్కు

రెండంతస్తుల మిద్దె మీద మూడు మీటర్ల జీఐ పైపు నిలబెడితే శిఖరం నేల నుంచి తొమ్మిదిన్నర మీటర్ల ఎత్తుకు చేరుతుంది. అక్కడి నుంచి పొడుగు చేతులను రెండు వైపులా వాలుగా లాగి, కొసలు నేలకు మూడు మీటర్ల ఎత్తున ఉండేట్టు కడితే తలకిందులైన వి ఆకారం వస్తుంది. రెండు చేతుల మధ్య కోణం దాదాపు నూరు డిగ్రీలు, నేల మీద పట్టే నిడివి పదిహేను మీటర్లు. అంతరిక్షంలో తిన్నగా ఉన్న డైపోల్ అవరోధం 73 ఓమ్‌లు. ఇలా వాల్చినప్పుడు అది 50కి దగ్గరవుతుంది, కేబులుకు బాగా పొసగుతుంది. ప్రసార సమయంలో తీగ కొసల దగ్గర వోల్టేజి చాలా ఎక్కువగా ఉంటుంది కాబట్టి మనిషికీ పశువుకూ అందని ఎత్తు తప్పనిసరి.

ఈ ఎత్తులో 40 మీటర్ల బ్యాండు తరంగాలు ఎక్కువగా నిట్టనిలువుగా పైకి పోయి, అయనోవరణం నుంచి చుట్టుపక్కల ప్రాంతమంతా దిగుతాయి. ఏర్పేడు నుంచి గీత గీసినట్టు కొలిస్తే చెన్నై నూరు కిలోమీటర్లు, విజయవాడ 330, హైదరాబాదు 430, విశాఖపట్నం 590 కిలోమీటర్లు. ఇవన్నీ పగటిపూట ఈ బ్యాండు పరిధిలోకి వస్తాయి. అయస్కాంత భూమధ్యరేఖ దక్షిణ భారతదేశపు కొస మీదుగా పోతుంది. దానికి దగ్గరగా ఉన్నందువల్ల ఇక్కడి అయనోవరణం పగలు దట్టంగా ఉండి 7 మెగాహెర్ట్జ్ తరంగాలను సులువుగా తిప్పి పంపుతుంది. సూర్యాస్తమయం తరువాత అదే అయనోవరణంలో బుడగల్లాంటి అలజడులు లేస్తాయి. కొన్ని రాత్రులు సిగ్నళ్లు వణుకుతూ వినిపించడానికి కారణం అదే. గాదంకి శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా పరిశీలిస్తున్న విషయాల్లో ఇదొకటి.

20, 15, 10 మీటర్ల బ్యాండ్లలో దిక్కుకు కొంత ప్రాధాన్యం ఉంటుంది. డైపోల్ తన తీగకు అడ్డంగా ఎక్కువ శక్తి పంపుతుంది. తీగను ఈశాన్యం నుంచి నైరుతికి కడితే వాయవ్యాన యూరపు, ఆగ్నేయాన ఆస్ట్రేలియా ఎదురుగా వస్తాయి. మిద్దె వాటం వేరుగా ఉంటే దిక్కు కన్నా ఎత్తుకే మొగ్గు చూపాలి.

ట్యూనింగు

లెక్కలో వచ్చిన పొడవు ఆరంభం మాత్రమే. నేల తడి, ఎత్తు, గోడలోని ఇనుము, వైరు తొడుగు, పక్క తీగలు ఇవన్నీ అనునాదాన్ని కదిలిస్తాయి. అందుకే మొదట సుమారు ఐదు శాతం ఎక్కువగా, అంటే 10.50, 5.30, 2.65 మీటర్ల చొప్పున కోస్తారు. ఎక్కువైన తీగను తగ్గించడం తేలిక, కోసేసిన తీగను పెంచడం తేలిక కాదు. అసలు కత్తిరించడం కన్నా కొసను వెనక్కి మడిచి, తీగకే పెనవేసి చూడడం ఉత్తమం. పని పూర్తయి, కొలతలు కుదిరాకే అదనపు ముక్కను కోయాలి.

కొలవడానికి మునుపు తక్కువ శక్తితో ప్రసారం చేసి, యాంటెన్నా నుంచి ఎంత శక్తి తిరిగి వస్తోందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు చూసేవారు. ఇప్పుడు అరచేతిలో పట్టే నానోవీఎన్ఏ అనే కొలత పరికరం అందుబాటు ధరలో దొరుకుతోంది. కేబులు చివర ఓపెన్, షార్ట్, 50 ఓమ్‌ల లోడ్ మూడూ వరుసగా తగిలించి దాన్ని సరిచేసుకున్నాక యాంటెన్నాను కలిపితే, బ్యాండంతటా ఎస్‌డబ్ల్యూఆర్ గీత తెర మీద కనబడుతుంది. ఆ గీత అడుగు తాకిన చోటే అనునాదం. అవరోధంలోని రియాక్టెన్సు భాగం రుణంగా ఉంటే తీగ పొట్టి, ధనంగా ఉంటే పొడుగు.

పొడుగు జతతో మొదలుపెట్టాలి. కొత్త పొడవు తెలుసుకోవడానికి ఒక చిన్న లెక్క చాలు. ఇప్పటి పొడవును ఇప్పటి అనునాద పౌనఃపున్యంతో గుణించి, కావలసిన పౌనఃపున్యంతో భాగించాలి. ఉదాహరణకు 10.50 మీటర్ల చేయి 6.80 మెగాహెర్ట్జ్ దగ్గర అనునాదం చెందిందనుకుంటే, 7.10 కావాలంటే 10.06 మీటర్లు ఉండాలి. ఒక్కో వైపు 44 సెంటీమీటర్లు మడవాలి. రెండు వైపులా సమానంగా మడవకపోతే సమతుల్యం చెడుతుంది.

పౌనఃపున్యం పెరిగేకొద్దీ కొలత మరింత సున్నితమవుతుంది. 40 మీటర్ల బ్యాండులో ఒక్కో చేతిలో ఒక సెంటీమీటరు తేడా అనునాదాన్ని 7 కిలోహెర్ట్జ్ మాత్రమే జరుపుతుంది. అదే సెంటీమీటరు 20 మీటర్ల బ్యాండులో 28 కిలోహెర్ట్జ్, 10 మీటర్ల బ్యాండులో 114 కిలోహెర్ట్జ్ జరుపుతుంది. పొట్టి జత దగ్గరికి వచ్చేసరికి అర సెంటీమీటరును కూడా లెక్కలోకి తీసుకోవాలి. పక్కన పొడుగు తీగ ఉన్నందువల్ల పొట్టి జతలు సాధారణంగా సూత్రం చెప్పినదానికన్నా కాస్త ఎక్కువ పొడవు అడుగుతాయి. వాటి వెడల్పు కూడా తగ్గుతుంది, అంటే తక్కువ ఎస్‌డబ్ల్యూఆర్ ఉండే మేర కుంచించుకుపోతుంది. 28 నుంచి 29.7 మెగాహెర్ట్జ్ దాకా పరచుకున్న 10 మీటర్ల బ్యాండంతా ఒకే తీగతో కుదరదు. మాటల సంభాషణలు ఎక్కువగా నడిచే 28.5 దగ్గర కుదుర్చుకోవడం తెలివైన పని.

పొడుగు జత, మధ్య జత, పొట్టి జత కుదిరాక 15 మీటర్ల కోసం వేలాడే ముక్కలను సరిచేయాలి. ఆ తరువాత మొదటి జతకు తిరిగి రావాలి. ఒకదాన్ని కదిపితే మిగతావి కొద్దిగా కదులుతాయి కాబట్టి రెండు, మూడు విడతలు తిరిగితే గానీ నాలుగూ ఒకచోట నిలవవు. ప్రతిసారీ యాంటెన్నాను పూర్తి ఎత్తుకు లేపే కొలవాలి, నడుము ఎత్తున తీసిన కొలతకు విలువ లేదు. స్తంభం పైన చిన్న కప్పీ బిగించి తాడుతో దించి, లేపే ఏర్పాటు చేసుకుంటే ఈ శ్రమ సగం తగ్గుతుంది.

ఎస్‌డబ్ల్యూఆర్ ఎంత తగ్గాలి? 1.5 ఉంటే తిరిగి వచ్చే శక్తి 4 శాతం, 2 ఉంటే 11 శాతం, 3 ఉంటే 25 శాతం. 2 లోపల ఉంటే నేటి ట్రాన్సీవర్లు నిశ్చింతగా పనిచేస్తాయి. 1.5ను 1.1 చేయడానికి రోజంతా శ్రమించడం కన్నా శిఖరాన్ని ఒక మీటరు పైకి లేపితే కలిగే లాభం ఎక్కువ.

అంకె చెప్పనిది

ఎస్‌డబ్ల్యూఆర్ తక్కువగా ఉన్నంత మాత్రాన యాంటెన్నా బాగా ప్రసరిస్తున్నట్టు కాదు. 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ ఎస్‌డబ్ల్యూఆర్ సరిగ్గా 1. అయినా అది శక్తినంతా వేడిగా మారుస్తుంది తప్ప ఎక్కడికీ పంపదు. నష్టం ఎక్కువున్న పాత కేబులు కూడా ఎస్‌డబ్ల్యూఆర్‌ను తక్కువగా చూపి మోసగిస్తుంది. అసలు పరీక్ష దూరాన విన్నవాళ్లు చెప్పే మాటే. ఆ మాటను అంకెల్లో తెచ్చే సాధనం డబ్ల్యూఎస్‌పీఆర్. 1993లో భౌతికశాస్త్ర నోబెల్ పొందిన జోసెఫ్ టేలర్, స్వయంగా హామ్ కూడా, దీన్ని 2008లో రూపొందించారు. కొద్ది మిల్లీవాట్ల నుంచి కొన్ని వాట్ల లోపల శక్తితో సందేశం పంపితే, ప్రపంచంలో ఏయే కేంద్రాలు ఎంత బలంగా విన్నాయో నిమిషాల్లో తెలుస్తుంది. ఒక వారం ఒక దిక్కున, మరో వారం ఇంకో దిక్కున తీగ కట్టి పోల్చి చూడడానికి ఇంతకన్నా నిజాయితీ గల కొలబద్ద లేదు.

ప్రాణం ముందు, ప్రసారం తరువాత

యాంటెన్నా పనిలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం కరెంటు తీగ. స్తంభం ఎటు పడినా, తీగ ఎటు తెగినా వీధిలోని ఎల్‌టీ లైనుకు గానీ 11 కేవీ లైనుకు గానీ తగలనంత దూరంలోనే కట్టాలి. కరెంటు తీగల మీదుగా యాంటెన్నా తీగ విసరడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. స్తంభం నిలబెట్టేటప్పుడు ఇద్దరికి తక్కువ ఉండకూడదు.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రపు ఉరుముల వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతం వాయుగుండాలు ఈ ప్రాంతానికి మామూలే. స్తంభానికి మందమైన రాగి తీగతో ఎర్తింగు ఇవ్వాలి. ఉరుము వినిపించగానే కేబులును రేడియో నుంచి విప్పి ఇంటి బయట ఉంచాలి. నేరుగా పడే పిడుగును ఏ ఎర్తింగూ పూర్తిగా ఆపలేదు. రాయలసీమ ఎండకు నైలాన్ తాడు ఏడాది, రెండేళ్లలో పెళుసెక్కుతుంది, పీవీసీ తొడుగు పగుళ్లు తేలుతుంది. ఏటా వానలకు ముందు దించి తాళ్లు, అతుకులు, సీళ్లు చూసుకోవాలి. చెట్టుకు కట్టిన కొసన కప్పీ మీదుగా బరువు వేలాడదీస్తే, గాలికి చెట్టు ఊగినా తీగ తెగదు. వానలో తడిసినప్పుడు అనునాదం కాస్త కిందికి దిగడం సహజం, దాని కోసం పొడవు మార్చనక్కరలేదు.

లైసెన్సు, ప్రయోజనం

యాంటెన్నాను ఎవరైనా కట్టుకోవచ్చు గానీ ప్రసారానికి లైసెన్సు తప్పనిసరి. కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం నిర్వహించే పరీక్షలో ఉత్తీర్ణులైనవారికి అది లభిస్తుంది. భారతీయ హామ్‌ల పిలుపు సంకేతాలు వీయూ అక్షరాలతో మొదలవుతాయి. తెలుగువారికి ఈ రంగంలో చేరువలో ఉన్న కేంద్రం హైదరాబాదులో 1983 నుంచి పనిచేస్తున్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ.

2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లో హామ్ కేంద్రం నడుపుతుండగా 26న సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయిన వేళ ఆ బృందం పోర్ట్ బ్లెయిర్ నుంచి దీవుల బాగోగులను ప్రధాన భూభాగానికి చేరవేసింది. మరుసటి ఏడాది మే 5న, ఏర్పేడుకు తూర్పున తీరం మీదున్న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సి6 రాకెట్టు హామ్‌ల కోసమే తయారైన హామ్‌శాట్ ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. అది 2014 దాకా సేవలందించింది. స్వర్ణముఖి పొంగి తిరుపతి పరిసరాలు జలమయమైన 2021 నవంబరు లాంటి రోజులు మళ్లీ రావని ఎవరూ చెప్పలేరు. సెల్ టవర్లు ఆగిపోయినా కారు బ్యాటరీతో, మిద్దె మీది తీగతో హైదరాబాదుకూ విశాఖకూ మాట చేర్చగల కేంద్రం మండలానికి ఒకటైనా ఉండడం అవసరం.

ఐఐటీ, ఐసర్ ప్రాంగణాలున్న ఏర్పేడులో చదువుకునే పిల్లలకు కొరత లేదు. చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల, జూనియర్ కళాశాలల భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు ఒక వైరు చుట్ట, ఒక టేపు, ఒక నానోవీఎన్ఏ తెప్పించి, తరంగదైర్ఘ్యం పాఠాన్ని మిద్దె మీద చెప్పి చూడాలి. పిల్లలు సొంత చేతులతో కొలిచి కోసిన తీగ పనిచేసిన రోజున ఆ పాఠం వాళ్లకు జీవితాంతం గుర్తుంటుంది, ఊరికి ఆపత్కాలంలో పనికొచ్చే సాధనమూ సమకూరుతుంది.